నాలుగు వేళ్ళ మడత

కొత్త ఇల్లు, మూడో అంతస్తు
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

క్షేమంగా చేరాం. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని తిట్టుకోకు. ఫోన్ చేస్తే నువ్వు ‘ఎలా ఉన్నావే’ అంటావు, నేను ఏడుస్తాను, నేను ఏడిస్తే నువ్వూ మొదలుపెడతావు. పిల్లలిద్దరూ పక్కన నిలబడి చూస్తారు. కాగితం మీదైతే ఆ గొడవ లేదు.

ఇల్లు బాగానే ఉంది. రెండు గదులు, మనిషి నిలబడితే నిండిపోయే వంటగది. వంటగది కిటికీ కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు. ఆయన ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి గాలి ఎక్కడ పోతోందో వెతుకుతుంటే, మన చిన్నది పైనుంచి ఊచలు పట్టుకుని ‘అదిగో అక్కడ, బుడగ’ అని అరుస్తుంది. దానికి రేడియో అని నువ్వు ఏ ముహూర్తాన పేరు పెట్టావో గానీ, నాలుగేళ్ళకే పేరు నిలబెడుతోంది. వారం తిరక్కుండా వాళ్ళ నాన్న గురక సంగతి, నా పుచ్చుపన్ను సంగతి బిల్డింగంతా ప్రసారం చేసేసింది.

బిల్డింగులో లిఫ్ట్ ఉంది, కదలదు. మీ మరిది లిఫ్టులు బాగుచేసే మనిషి, ఆ పని మీదే ఇక్కడికి బదిలీ చేశారు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, రోజూ పనిముట్ల సంచి భుజాన వేసుకుని మూడు అంతస్తులు ఎక్కి ఆయాసపడుతున్నాడు. ఓనరు ఒప్పుకోనిదే తలుపు కూడా తీసి చూడకూడదట.

ఇక పెద్దది, మన జడ్జిగారు. బాగానే ఉంది. బడికి వెళ్తోంది, వస్తోంది. కాకపోతే సంచి ఇంకా సర్దలేదు. అలమరాలో దాని అర ఖాళీగా ఉంచాను. అది మాత్రం సంచిలోంచే గౌను తీసుకుంటుంది, ఉతికి ఆరేసింది మడతపెట్టి మళ్ళీ సంచిలోనే పెడుతుంది. ‘అలమరాలో పెట్టుకోవే’ అంటే, ‘సెలవులకి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోతాగా’ అంది. కోపంగా కాదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

మనం అనుకున్న మాట నాకు గుర్తుంది అక్కా. ఎనిమిదేళ్ళూ అది నీ కుట్టు మిషన్ కింద, గుడ్డపేలికల మధ్య పెరిగింది. నేను ఉద్యోగానికి పోతే దాన్ని చూసింది నువ్వు. అందుకే సెలవుల దాకా చూద్దాం, దానికి ఇక్కడ కుదరకపోతే నీ దగ్గరే ఉంచి చదివిద్దాం అని నువ్వన్నావు, నేను సరే అన్నాను. సరే అన్నానే గానీ, ఆ సంచి చూసినప్పుడల్లా నేనే విప్పి అలమరాలో సర్దేద్దామనిపిస్తోంది. ఇంతకంటే రాయను.

బావని అడిగానని చెప్పు.

నీ చెల్లి


కుట్టుగది
గురువారం

చిట్టీ,

నీ ఉత్తరం చేరింది. ‘బాగానే ఉంది’ అన్న మాట రెండుసార్లు రాశావు. బాగున్నవాళ్ళు అన్నిసార్లు రాయరు.

సరే, పని మాట. బడికి నీలం గౌన్లు కావాలన్నావట, మరిది బావకి చెప్పాడు. బజార్లో కొన్నావంటే నా అంత చెడ్డది ఉండదు. నాన్న దర్జీ, తాత దర్జీ, మన ఇంటి పిల్ల కొన్న గౌను వేసుకుని బడికి పోతుందా? కొలతలు పంపు. టేపుతో కాదు. నీ చేతికి టేపు ఇస్తే ఏమవుతుందో తెలుసు. అంగుళాల వైపు వదిలేసి సెంటీమీటర్ల వైపు చదివి, మీ ఆయనకి చొక్కా అని చెప్పి డేరా కుట్టించావు. ఇప్పటికీ దాన్ని బండి మీద కప్పుతున్నాం.

మన పాత పద్ధతే మేలు. పురికొస తీసుకో. పిల్లకి ఒక పురికొస. మెడ దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా పట్టి ఒక ముడి, నడుము చుట్టూ పట్టి ఒక ముడి, ఛాతీకి ఒక ముడి. అంతే. నాన్న కూడా మనల్ని ‘తిన్నారా, పడుకున్నారా’ అని ఎప్పుడూ అడగలేదు. నెలకోసారి పురికొస పట్టి చూసేవాడు, ఆయనకి సంగతి తెలిసిపోయేది.

కింద మడత ఎంత పెట్టమంటుందో జడ్జిగారిని అడుగు. రేడియోకి నాలుగు వేళ్ళు లోపలికి మడిచి కుడతాను, ఏడాదిలో అది పెరిగితే విప్పి దించుకోవచ్చు. జడ్జికి మాత్రం దాని మాట లేకుండా కుట్టనని నీకు తెలుసు. దాని గౌను మీద తీర్పు దానిదే.

బావ చిన్నగదికి పసుపు రంగు వేశాడు. ఎవరిదో దుకాణం బోర్డు రాస్తే రంగు మిగిలిందట. ఊరికే వేశాడు. మంచం కూడా అందులోకి జరిపాం, ఊరికే.

అక్క


పళ్ళ డాక్టరుగారి కౌంటర్
మంగళవారం

అక్కా,

పైన చూసి కంగారు పడకు, నా పన్నుకేం కాలేదు. ఉద్యోగం దొరికింది. పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చోవడం, వచ్చినవాళ్ళ పేరు రాసుకోవడం, లోపల ఎవరైనా మూలిగితే బయటవాళ్ళకి వినపడకుండా ఫ్యాన్ పెంచడం. నా పన్ను కూడా ఆయనే బాగుచేస్తానన్నాడు. రేడియో ఆ ముక్క కూడా ప్రసారం చేసేసింది, ఇప్పుడు మెట్ల మీద ఎవరు ఎదురైనా నా బుగ్గ వైపే చూస్తున్నారు.

పురికొసలు ఈ కవరులోనే ఉన్నాయి. రేడియోని కొలవడానికి మీ మరిదీ నేనూ ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. చేతిలో జామ్ పూసిన రొట్టె ఉంది, వదలనంది. ఆ జిగురు దానిదే, ఏమనుకోకు. జడ్జి పురికొస కూడా పెట్టాను.

మడత వద్దంది. ‘సెలవులకి వెళ్ళిపోతాగా, అక్కడ పెద్దమ్మ కొత్తది కుడుతుంది, మడత ఎందుకు’ అంది.

ఇక్కడ అంతా సర్దుకుంటోంది. కూరగాయలమ్మే ఆవిడ అప్పుడే నన్ను గుర్తుపడుతోంది. సాయంత్రం గాలి బాగా వస్తుంది. ఉంటాను, ఎవరో బుగ్గ పట్టుకుని వస్తున్నారు.

నీ చెల్లి


కుట్టుగది
శనివారం

చిట్టీ,

గౌన్లు కట్టి పంపుతున్నాను. మరిది కంపెనీ వ్యానులో వేశాం, సోమవారానికి అందుతాయి.

రేడియో పురికొసకి జామ్ ఉంది, ఒకచోట పంటిగాటు కూడా ఉంది. అది నికార్సైన కొలత. జడ్జి పురికొస మాత్రం మరీ శుభ్రంగా ఉంది. నా దగ్గరున్న దాని పాత కొలతతో పట్టి చూశాను, ముడికి ముడి సరిపోయింది. ఆ కొలత తీసి ఆరు నెలలు దాటింది, ఇన్నాళ్ళలో ఆ పిల్ల ఒక్క వేలైనా పెరగలేదా? ఎనిమిదేళ్ళ పిల్ల, పొడుగు సాగే వయసు. పోనీలే, పంపింది తల్లి కదా అని కుట్టేశాను. కత్తెర పెట్టే ముందు రెండు పురికొసలూ మళ్ళీ పట్టి చూశాను.

సెలవులకి మరిది టిక్కెట్లు తీస్తానన్నాడని బావ చెప్పాడు. జడ్జికి రావడానికి మాత్రమే తియ్యమను. పోవడం సంగతి తరవాత చూద్దాం. ఆ అబ్బాయికి ఆత్రం ఎక్కువ, ముందే రెండూ తీసేస్తాడు, అందుకని చెబుతున్నా.

పసుపు గదికి కర్టెన్ కుట్టాను. నీలం పువ్వులు. దానికి నీలం ఇష్టం కదా.

అక్క


కొత్త ఇల్లు, వంటగది
సోమవారం సాయంత్రం

అక్కా,

గౌన్లు అందాయి. రేడియోది దాని ఒంటి మీద పోతపోసినట్టు ఉంది, విప్పనంటోంది, దాంతోనే పడుకుంటుందట.

జడ్జి గౌను సంగతి నీకు రాయాలంటే చెయ్యి రావడం లేదు. రాస్తాను. నడుము దగ్గర ఇంకో పిల్ల పడుతుంది. కింద మోకాలు దాటలేదు, తొడ మీదే ఆగిపోయింది. అద్దం ముందు నిలబడి చూసుకుంది. చూసి నా వైపు తిరిగి, ‘అమ్మా, నన్ను ఎప్పుడు కొలిచావు?’ అంది.

కొలవలేదు అక్కా. దాని సంచిలోంచి పాత గౌను తీసి, దాని మీద పురికొస పట్టి ముడులు వేశాను. ఆ ముందురోజు దానికి స్నానం చేయిస్తుంటే పక్కటెముకలు కనిపించాయి. పురికొస పట్టి నడుముకి ముడి వేశానంటే అది నీ చేతికి వస్తుంది, నీకు చూడగానే తెలిసిపోతుంది, ‘పిల్లని ఇలా చేశావా, ఇక్కడే ఉంచెయ్’ అంటావు. ఆ భయంతో చేశాను. పొడుగు ఇంత సాగిందన్నది నేనూ చూసుకోలేదు. సంచి వైపు చూడటమే సరిపోయింది గానీ పిల్ల వైపు చూడలేదు.

అంతే, అరిచింది. ఇక్కడికి వచ్చాక దాని గొంతు ఇంత పెద్దగా వినలేదు. ‘నువ్వు నన్ను చూడనే లేదు, సంచిని కొలిచావు’ అంది. రేడియో కూడా భయపడి నోరు మూసింది, అది చరిత్ర. మీ మరిది గుమ్మంలో ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయాడు. నాకు మాత్రం, ఎందుకో తెలియదు, దాని అరుపు వింటుంటే ఊపిరాడింది. అన్నాళ్ళూ బస్సు టైము చెప్పినట్టు మాట్లాడిన పిల్ల, మన పిల్లలా అరిచింది.

తరవాత నేల మీద కూర్చోబెట్టి, పురికొస తెచ్చి, నిజంగా కొలిచాను. నడుము దగ్గర ముడి వేస్తుంటే నేనే ఏడ్చేశాను. అప్పుడు చెప్పింది. బడిలో పిల్లలు పొడుగు బల్లల దగ్గర జట్లు జట్లుగా కూర్చుని తింటారట. ఎవరి చోటు వాళ్ళకి ఉందట. దీనికి చోటు ఎక్కడో ఎవరూ చెప్పలేదు, ఇది అడగలేదు. రోజూ డబ్బా పట్టుకుని కుళాయి దగ్గర నిలబడి, రెండు ముద్దలు తిని, మిగిలింది పారబోసి, డబ్బా కడిగేసి తెస్తోంది. నేనేమో ఖాళీ డబ్బా చూసి మురిసిపోతున్నాను.

‘అడగొచ్చుగా, నీకు అడగడం చేతకాదా’ అన్నాను. దానికి అది చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ‘అడిగితే కూర్చోమంటారు. కూర్చుంటే ఫ్రెండ్స్ అయిపోతారు. అప్పుడు ఇక్కడ బాగుంటుంది. నాకిక్కడ బాగుంటే మరి పెద్దమ్మకి ఎవరుంటారు? సామాన్ల లారీ ఎక్కేటప్పుడు పెద్దమ్మ నా చెవిలో చెప్పింది, నువ్వు లేకపోతే నాకేం తోచదే, సెలవులకి వచ్చెయ్, ఇంక పంపను అని. నేను సరే అని మాటిచ్చా.’

అక్కా, నీ మీద కోపం వచ్చింది. దాచను. ఎనిమిదేళ్ళ పిల్ల, నువ్వు చెవిలో వేసిన ఒక్క మాట మోసుకుని తిండి మానేసింది. కాసేపటికి కోపం పోయింది. దాన్ని అంతగా ప్రేమించే మనిషి నువ్వు కాక ఇంకెవరున్నారు? కానీ నేనేం చెప్పినా అది వినదు. ‘పెద్దమ్మ ఏం అనుకోదే’ అంటే, ‘నీకెలా తెలుసు’ అంటోంది. న్యాయమే. నువ్వే చెప్పాలి. నీ దగ్గర ఉంటేనే అది బాగుంటుందంటావా, తీసుకెళ్ళు, నేను అడ్డం రాను. ఇక్కడ ఉండాలంటావా, ఆ మాట నీ నోటి నుంచే రావాలి.

నిజం పురికొస పెడుతున్నాను. నడుము ముడి చూసి నన్ను తిట్టుకో, పడతాను.

నీ చెల్లి


కుట్టుగది
శుక్రవారం

చిట్టీ,

పురికొస చూశాను. బావ వచ్చి, పురికొస చూసి, నా మొహం చూసి, టీ పెట్టాడు. ఆయన పెట్టిన టీ తాగడం కూడా ఒక శిక్షే, గ్లాసు అలాగే చల్లారిపోయింది.

ఆ మాట అన్నాను. లారీ స్టార్టయ్యింది, అది నా కొంగు పట్టుకుంది, నోరు ఊరుకోలేదు. పిల్లలు మన మాటలు మనలాగా మర్చిపోతారనుకున్నాను.

నువ్వు రెండు దారులు రాశావు. నాకు మొదటిదే కావాలి. గదికి రంగు వేయించి, మంచం జరిపించి, కర్టెన్ కుట్టి, ‘ఊరికే’ అని రాసినదాన్ని, నాకేం కావాలో నీకు వేరే చెప్పాలా? కానీ ఆ నడుము ముడి నా కోసం అంత సన్నబడింది. అది చూశాక కూడా నాకు కావాలి అంటే నేను మనిషిని కాను. పిల్ల తల్లి దగ్గర ఉండాలి. నీ దగ్గర ఉండాలి. రాసేశాను, ఇంక వెనక్కి తీసుకోను.

జడ్జికి వేరే కాగితం రాశాను, ఇందులోనే ఉంది. దానికి చదివి వినిపించకు, దాని చేతికే ఇవ్వు. నువ్వు ముందు చదువుతావని తెలుసు. చదివితే చదివావు గానీ ఒక సంగతి. అందులో కుట్టు నేర్చుకోవడానికి అమ్మాయిలు వస్తున్నారని రాశాను. ఈ మాట రాసేటప్పటికి అబద్ధం. ఎప్పటి నుంచో వీధి చివర ఇద్దరు అమ్మాయిలు నేర్పమని ప్రాణం తోడేస్తున్నారు, వాళ్ళ కుట్టు ఒకసారి చూసి నేనే వద్దంటున్నాను. ఇప్పుడే బావని కబురు చెప్పడానికి పంపాను. ఉత్తరం నీకు చేరేటప్పటికి నిజమైపోతుంది. పిల్లకి ఇంకో అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు.

అక్క

*

శ్రీ జడ్జిగారి సముఖానికి,
పెద్దమ్మ చేసుకునే మనవి.

అయ్యా, నేను లారీ దగ్గర మీ చెవిలో ఒక మాట అన్న విషయం నిజం. అప్పుడు నాకు ఏడుపు వస్తోంది. ఏడుపులో అన్న మాట కోర్టులో చెల్లదని మీకు తెలియనిది కాదు. అందుచేత ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. మీరిచ్చిన మాట కూడా మీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. మీరు నాకు ఏమీ బాకీ లేరు.

తోచదు అన్నది కూడా నిజమే. మొదట్లో తోచలేదు. ఇప్పుడు పసుపు గదిలో ఇద్దరు అమ్మాయిలకి కుట్టు నేర్పుతున్నాను. ఒకతె దారం ఎక్కించమంటే సూదినే పారేస్తుంది, రెండో ఆవిడ కుట్టమన్న చోట తప్ప అంతటా కుడుతుంది. నీకు ఆరేళ్ళప్పుడే వచ్చిన పని వాళ్ళకి ఇంకా రాలేదు. నాకు ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు, తోచకపోవడానికి తీరిక ఎక్కడిది?

ఇక గౌను సంగతి. నడుము దగ్గర రెండు పక్కలా లోపలికి పట్టి కుట్టు. పొడుగు దించడానికి కింద ఏమీ లేదు, మడత వద్దన్నది తమరే. తీర్పు తమది, కష్టమూ తమదే. అదే గుడ్డ పట్టీ ఒకటి పంపుతున్నాను, కింద అంచుకి కలిపి కుట్టుకో. మీ అమ్మని మాత్రం సూది ముట్టనివ్వకు, వేలికి గౌను కుట్టుకుంటుంది.

బడిలో నీ చోటు ఎక్కడో అడుగు. నువ్వు కూర్చుని కడుపునిండా తింటే నాకు ఏమీ తరిగిపోదు. నిలబడి తిని చిక్కిపోతేనే నాకు తరుగు.

పెద్దమ్మ


పళ్ళ డాక్టరుగారి కౌంటర్
బుధవారం

అక్కా,

ఇవాళ రాసేది చదివేటప్పుడు కూర్చుని చదువు, కంగారుతో మొదలవుతుంది గానీ కంగారుతో అవదు.

నీ కాగితం తీసుకుని జడ్జి బాత్రూములో తలుపు వేసుకుంది. రేడియో తలుపు సందులోంచి ‘అక్కా, ఏడుస్తున్నావా, ఎంత ఏడ్చావు’ అని అడుగుతూనే ఉంది. బయటికి వచ్చి మొహం తుడుచుకుని, ‘సూది ఎక్కడుంది’ అంది. అంతే. మూడు సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని గౌను సరిచేసుకుంది. నన్ను నిజంగానే ముట్టనివ్వలేదు. పట్టీ కలిపిన చోటు చూస్తే కొద్దిగా తెలుస్తుంది, కుట్టు మాత్రం నీ కుట్టే. మీ మరిది ఆ అంచు పట్టుకుని, ‘దీని చెయ్యి పెద్దమ్మ చెయ్యి’ అన్నాడు. అది నవ్వింది.

నిన్న మధ్యాహ్నం బడి నుంచి కబురు. క్లాస్ టీచర్ ఒకసారి రమ్మన్నారని. డాక్టరుగారు నా మొహం చూసి, ‘పన్ను నొప్పా’ అన్నాడు. పిల్ల మళ్ళీ తినడం లేదేమో, పడిపోయిందేమో, దారి పొడుగునా ఏవేవో అనుకుంటూ పోయాను.

టీచర్ చెప్పిన సంగతి ఇది. మన జడ్జి బడికి సూదీ దారం తీసుకెళ్తోందట. భోజనాల దగ్గర ఒక పిల్ల గౌను అంచు ఊడి కాళ్ళకి అడ్డం పడుతుంటే, కుళాయి దగ్గర నుంచి చూసి, వెళ్ళి, ‘నిలబడు, కదలకు’ అని చెప్పి, మోకాళ్ళ మీద కూర్చుని కుట్టేసిందట. ఆ పిల్ల ‘నా పక్కన కూర్చో’ అందట. మర్నాడు ఇంకొకళ్ళు బొత్తాం తెచ్చారు. ఆ మర్నాడు మరొకళ్ళు సంచి పట్టీ. ఇప్పుడు భోజనం గంట కొట్టగానే ఆ బల్ల దగ్గర గుంపు. ‘బడికి సూది తేకూడదండీ, ఎవరికైనా గుచ్చుకుంటే’ అంది టీచర్. నేను తప్పయిపోయిందండీ అనబోతున్నాను. ఆవిడ బీరువాలోంచి తన స్వెట్టర్ తీసి, ‘సూది నా దగ్గర ఉంచుతాను, భోజనం తిన్నాక నా ముందే కుట్టమనండి, ముందు దీనికి ఈ బొత్తాం కుట్టమని చెప్పండి’ అంది.

‘తింటోందా అండీ’ అని మాత్రం అడిగాను. ‘కూర్చునే తింటోంది, పక్కపిల్ల డబ్బాలోది కూడా తింటోంది’ అంది. ఎన్ని వారాల బరువు దిగిందో అక్కా.

ఓనరు ఎట్టకేలకు ఒప్పుకున్నాడు, లిఫ్ట్ కదిలింది. అంత గొడవా చేసి, అసలు సంగతేమిటంటే తలుపు సందులో రేడియో చెంచా ఇరుక్కుందట. మేం రాకముందే ఆగిపోయిన లిఫ్టు, అప్పుడు ఏ చెంచా ఇరుక్కుందో నాకు తెలియదు, నేనేమీ అడగలేదు.

సంచి మాత్రం ఇంకా మంచం పక్కనే ఉంది. నేను ఆ ఊసెత్తలేదు. చూద్దాం.

నీ చెల్లి


ఇల్లు
ఆదివారం

పెద్దమ్మా,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావని నాకు తెలుసు, ఉత్తరంలో రాశావు కదా. సూది పారేసే అక్కకి సూదికి పొడుగు దారం కట్టి ఇవ్వు, పారేసినా దొరుకుతుంది.

టీచర్ స్వెట్టర్‌కి బొత్తాం కుట్టాను. టీచర్ చాలా బాగుంది అంది. నాకు ముగ్గురు ఫ్రెండ్స్. ఒక అమ్మాయికి ముందు పళ్ళు రెండూ లేవు, అమ్మ వాళ్ళ డాక్టరు దగ్గరికే వస్తుంది. నేను ఆ అమ్మాయి పక్కన కూర్చుంటాను. నాకు చోటు ఉంది.

మనం లారీ దగ్గర అనుకున్నది నువ్వు కొట్టేశావు కాబట్టి నేను కూడా కొట్టేస్తున్నాను. కానీ నువ్వంటే నాకు ఇష్టం. అది కొట్టెయ్యలేదు.

నా సంచిలో చెల్లి బొమ్మల్ని పడుకోబెట్టి లిఫ్టులో పైకీ కిందకీ తిప్పుతోంది. సంచి దానికిచ్చేశాను. నా బట్టలు అలమరాలో పెట్టుకున్నాను. కింది అర నాది.

ఇంకో గౌను కావాలి. ఈసారి అమ్మ నన్నే కొలిచింది, నేను కదలకుండా నిలబడ్డాను. పురికొస పంపుతున్నాం. నడుము దగ్గర ముడి కొంచెం జరిగింది చూడు.

కింద మడత పెట్టు పెద్దమ్మా. పెద్దది పెట్టు. వచ్చే ఏడు కూడా ఈ బడికే వేసుకెళ్ళాలి.

నీ జడ్జి


కుట్టుగది
మంగళవారం

చిట్టీ,

గౌను పంపుతున్నాను. నాలుగు వేళ్ళ మడత పెట్టాను. రెండుసార్లు కుట్టి రెండుసార్లూ విప్పాను, అంచు వంకర పోయింది. నేర్చుకునే పిల్లలు ‘మీకూ వంకర పోతుందా అండీ’ అని నవ్వారు. కళ్ళలో నీళ్ళు ఉంటే ఎవరికైనా పోతుందమ్మా అన్నాను. సూది పారేసే అమ్మాయికి పొడుగు దారం కట్టి ఇచ్చాను, నిజంగానే పోవడం లేదు. జడ్జికి చెప్పు.

కొత్త పురికొస పాతదాని పక్కన పెట్టి చూశాను. నడుము ముడి ఒక వేలు జరిగింది. బావకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చూసి, ‘హమ్మయ్య’ అన్నాడు. ఆ మాట ఒక్కటే అన్నాడు, మళ్ళీ టీ పెట్టాడు. ఈసారి తాగాను.

నాకేమీ అనిపించలేదని నీకు రాయను. నిన్న పసుపు గదిలో మంచం తీసేసి రెండో మిషన్ వేశాం. వేసేటప్పుడు కొంచెం కష్టంగానే ఉంది. వేశాక గది బాగుంది. కర్టెన్ మాత్రం తియ్యలేదు. సెలవుల్లో మిషన్లు పక్కకి జరిపి ముగ్గురమూ కింద పక్క వేసుకుంటాం, రేడియో మధ్యలో పడుకుంటే ఎవరికీ నిద్ర పట్టదు, అదీ తెలుసు.

మరిదికి చెప్పు, టిక్కెట్లు తీసెయ్యమను. పిల్లలిద్దరికీ. రానూ పోనూ, రెండూ ఒకేసారి.

అక్క